రెండో కుప్ప

ఫిబ్రవరి 26
తోటికోడలు పద్మ కల్లంలో మిరపకాయ ఎర్రగా మెరుస్తోంది. మా చేను, వాళ్ల చేను ఒకే గట్టుకి అటూ ఇటూ. విత్తనం ఒకటే, కొట్టిన మందూ ఒకటే. మాకు ఆకుముడత తెగులు తగిలింది, వాళ్లకి తగల్లేదు. అత్తయ్య ఊరంతా చెబుతోంది — "మా చిన్నకోడలు చెయ్యి పెడితే బంగారం." మరి నా చెయ్యి?

ఫిబ్రవరి 28
గుళ్లో పంతులుగారిని అడిగాను. దేవుడికి అన్నీ ముందే తెలుసన్నారు. మనం ఏం చేస్తామో కూడానా? "అదీ తెలుసమ్మా." అయితే నాలో ఈ కుళ్లు ఉంటుందనీ తెలుసు... తెలిసే పుట్టించాడా? ఆయన నవ్వి ప్రసాదం చేతిలో పెట్టారు.

మార్చి 1
పద్మ నవ్వు గోడ దాటి వస్తోంది. కిటికీ వేసేశాను.

మార్చి 4
పద్మా మరిదీ పొద్దున్నే దర్శిలో పెళ్లికి వెళ్లారు. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో. మధ్యాహ్నం పడమట నల్లగా కమ్మింది. వాళ్ల కల్లంలో రెండు మిరప కుప్పలు, పక్కనే కప్పే టార్పాలిన్ పట్టాలు. అరుగు మీద నిలబడి చూస్తున్నాను. తడిస్తే అంతా రంగు పోయి, ధర పలకని తాలు కాయే... ఆ ఊహ తియ్యగా ఉంది. ఉంది, ఎందుకు దాచాలి. అంతలో కాళ్లు పరుగెత్తాయి. మొదటి కుప్ప మీద పట్టా లాగి రాళ్లు పెట్టాను. రెండో పట్టా అందుకున్నాను — ఆగాను. ఆయాసమా? ఈలోపు వాన దంచేసింది.

మార్చి 5
నిన్న తడిసి వస్తే అత్తయ్య తువ్వాలు అందించింది. "నువ్వు వెళ్తావని నాకు తెలుసే." ఒళ్లు మండింది. నీకూ తెలుసు, దేవుడికీ తెలుసు, ఇక నేను చేసిందేముంది అన్నాను.
"నాకు తెలిస్తే నేను తోసినట్టా? పరుగెత్తింది నువ్వు కాదూ?"
అయితే ఆగిందీ నేనే. ఆ మాట పైకి అనలేదు.

మార్చి 6
పద్మ వచ్చింది. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నా చేతులు పట్టుకుంది. "సగమైనా దక్కించావక్కా. నీ చోట నేనుంటే వెళ్లేదాన్నో లేదో." అంత నిజం అంత తేలిగ్గా ఎలా అనేస్తుంది? ఇప్పుడు దాని దాపరికం లేని నోరు చూసినా కుళ్లే నాకు.

మార్చి 7
వాన తొందరపడిందా, నేనే ఆలస్యం చేశానా... ఎంత తలుచుకున్నా ఆ ఒక్క క్షణం చేతికి చిక్కదు. దేవుడికి తెలుసట, విత్తు వెయ్యకముందే. చేసిన నాకే తెలియదు.
పద్మ వాకిట్లో నిలబడి పిలుస్తోంది, తడిసిన కాయ ఏరుదాం రమ్మని. "అక్కా, వస్తున్నావా?"
ఇంకా లేవలేదు.