మా ఇంటిల్లిపాది తుమ్ము

కంటి డాక్టరుగారికి,

బస్సు డ్రైవరు ఉద్యోగం కోసం నిన్న పరీక్షకొచ్చిన మా తమ్ముడి కంట్లో మీరు లైటు వేశారు. వాడు మీ కళ్ళజోడు నిండా తుమ్మాడు.

"ఏమయ్యా, నా మీదే తుమ్ముతావా?" అన్నారట.

"నేను కాదు సార్, మీ లైటే తుమ్మించింది" అన్నాడట.

అంతే, పొగరుబోతని సర్టిఫికెట్ ఆపేశారు!

అయ్యా, యజమాని తుమ్మితే జలుబు, డ్రైవరు తుమ్మితే పొగరా? కొందరికి కంట్లో వెలుగు పడగానే ఆ కబురు పక్క నరంలోకి పొర్లి ముక్కులో తుమ్ము రేపుతుందంటారు. ఇంత చదివిన మీకు నేను చెప్పాలా? వాడు చివరి వరస అక్షరాలు కూడా గడగడా చదివాడు. ఎండలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకునే బండి నడుపుతాడు.

సోమవారం వాడు ఉద్యోగంలో చేరాలి. ఈ తుమ్ము మా వంశంలోనే ఉంది. రేపటికి సంతకం పెట్టకపోతే అమ్మ, నేను, ఇద్దరు పిన్నులు, మేనమామ కలిసి మీ గదికొస్తాం. వరసగా లైటు వేసి చూసుకోండి. తువ్వాలు మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
అతని అక్క