లిస్టులో లేని కోర్సు

జూన్ 11

చెల్లి ర్యాంకు వచ్చింది. మంచి ర్యాంకే. నాన్న పని మధ్యలో వదిలేసి, పానా చేత్తో పట్టుకునే షాపుకొచ్చాడు. నా ఎదురుగా కూర్చున్న కస్టమర్‌కి కూడా ర్యాంకు చెప్పి వెళ్లాడు. ఆయన పాస్‌పోర్టు ఫొటో ప్రింటు కోసం వచ్చిన మనిషి. పాపం, లేచి నిలబడి కంగ్రాట్స్ చెప్పాడు.

నాన్న నా షాపుని షాపు అనడు, ఆఫీసు అంటాడు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక లామినేషన్ మెషిను, బయట 'అన్ని రకాల ఆన్‌లైన్ దరఖాస్తులు నింపబడును' అని బోర్డు. నాన్న ప్లంబరు. ఎవరింట్లో కుళాయి విప్పినా, మా పెద్దవాడు ఇంజనీరండీ, సొంత ఆఫీసు అని మొదలుపెడతాడట. నా డిగ్రీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించి టీవీ మీద తగిలించాడు. వారానికోసారి తనే తుడుస్తాడు.

జూన్ 14

చెల్లికి ఏఐ కావాలట. ఉత్త కంప్యూటర్ సైన్స్ వద్దట. కాలేజీల్లో ఇప్పుడు రెండూ వేరువేరు కోర్సులు.

మోజుపడి అడుగుతోందని అనడానికి లేదు. నాన్నకొక విద్య ఉంది. గోడలో పైపు ఎక్కడ కారుతోందో పగలగొట్టకుండా చెప్తాడు. స్టీలు గ్లాసు గోడకి బోర్లించి, దాని అడుగుకి చెవి ఆనించి వింటాడు. చెల్లి రెండేళ్లుగా ఆ గ్లాసు దగ్గర ఫోన్ పెట్టి రికార్డు చేస్తోంది. నూట నలభై రికార్డింగులు. వాటితో ఒక ప్రోగ్రామ్ రాసింది. శబ్దం వినిపిస్తే లీకు ఉందో లేదో చెప్తుంది. పదికి ఏడు కరెక్టు. నాన్న నవ్వి, నా చెవి పదికి పది అన్నాడు.

అది నిరుటి మాట. ఈ మధ్య రెండిళ్లలో తప్పు చోట టైల్స్ పగలగొట్టాడు. ఎడమ చెవి సరిగ్గా వినిపించడం లేదని ఇంట్లో అందరికీ తెలుసు, నాన్నకి తప్ప. చెల్లి ఏఐ అంటున్నది అందుకే. ఆ మాట మాత్రం దాని నోటి నుంచి రాదు.

జూన్ 15

నా కోర్సు గురించి రాయాలి. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా రాయలేను.

పన్నెండేళ్ల క్రితం నాకూ కంప్యూటర్ సైన్స్‌లో సీటు వచ్చేది. కొత్త కోర్సు పెట్టామని, రాబోయే రోజులన్నీ దీనివేనని కాలేజీవాళ్లు రంగురంగుల కాగితం ఇచ్చారు. ఇంటర్నెట్ అండ్ మల్టీమీడియా సిస్టమ్స్ ఇంజనీరింగ్. పేరు పొడుగ్గా ఉందని నాన్నకి నచ్చింది. నాకూ నచ్చింది, తప్పంతా ఆయన మీద తోయకూడదు. రెండు బ్యాచులు నడిపి కోర్సు ఎత్తేశారు.

ఏ ఉద్యోగానికి అప్లై చేసినా బ్రాంచి ఎంచుకోమని ఒక లిస్టు వస్తుంది. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ ఉంటుంది. ఇన్‌స్ట్రుమెంటేషన్ ఉంటుంది. దాని కింద నాది ఉండాలి. ఉండదు. చివరిదాకా పోతే అదర్స్ అని ఉంటుంది. అది నొక్కితే పేరు రాయమని చిన్న గడి తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లీషులో నలభై అక్షరాలకే చోటు. ఖాళీలతో కలిపి నా కోర్సు పేరుకి నలభై మూడు.

కొన్నాళ్లకి జవాబు వచ్చేది. మీ విద్యార్హత మా జాబితాలో లేదు, ఫలానా దానికి సమానమని సర్టిఫికెట్ తెండి అని. కాలేజీకి వెళ్తే యూనివర్సిటీ ఇవ్వాలన్నారు. యూనివర్సిటీకి వెళ్తే కాలేజీ రాసి పంపాలన్నారు. నాలుగేళ్లు కాళ్లరిగేలా తిరిగాను. తర్వాత ఒకరి కింద పనిచేయడం నాకు ఇష్టం లేదని ఇంట్లో చెప్పి ఈ షాపు పెట్టాను. నాన్న నమ్మాడు. గర్వపడ్డాడు కూడా. ఇప్పుడు ఊళ్లోవాళ్లందరికీ లిస్టులో వాళ్ల బ్రాంచి వెతికి పెట్టడమే నా పని.

జూన్ 19

చెల్లికి చెప్పాలి.

జూన్ 22

చెల్లి షాపుకొచ్చి పక్కన కూర్చుంది. మెకానికల్ చదివినాయన ఒకరికి ఉద్యోగం ఫారం నింపుతున్నాను. బ్రాంచిల లిస్టు తెరిచాను. ఆయన వెళ్లిపోయాక, ఇందులో నీది ఎక్కడుంది అన్నయ్యా అని అడిగింది.

ఇంతకంటే మంచి అదను దొరకదు. ఏమో, నేనెప్పుడు ఉద్యోగాలకి అప్లై చేశాను గనక అన్నాను. నమ్మింది. నా మాట నమ్మడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

అది మూడో క్లాసులో ఉన్నప్పుడు, మా అన్నయ్య ఇంజనీరు అని స్కూల్లో అందరికీ చెప్పి, నేను వెళ్లినప్పుడు పిల్లలందరినీ పోగేసి చూపించింది. ఆ మొహం గుర్తొచ్చింది. అందుకే చెప్పలేకపోయాను. వేరే కారణం ఏమీ లేదు.

జూన్ 27

వాదన. కంప్యూటర్ సైన్స్ తీసుకో, అది పునాది, మిగతావన్నీ తర్వాత నేర్చుకోవచ్చు అన్నాను. పెద్దవాళ్లందరూ పునాది పునాది అంటారు, పునాది లేక ఎవరి ఇల్లు కూలిందో ఒక్కటి చూపించమంది. చూపించవచ్చు. ఎదురుగానే కూర్చున్నాను.

అమ్మ నా వైపు. వాడు ఇంజనీరు, వాడికి తెలియదా అంటుంది. నాన్న, పిల్ల ఇష్టం అంటాడు.

నా రోజులు వేరని నాకు తెలుసు. ఏఐ ఇప్పుడు ప్రతి కంపెనీలోనూ ఉంది, రెండు బ్యాచులు నడిపి ఎత్తేసే రకం కాకపోవచ్చు. తెలిసినా లోపల భయం తగ్గదు. అది కూడా నాలుగేళ్లు చదివి అదర్స్ నొక్కుతుందేమోనన్న ఆలోచన వదలడం లేదు.

జూలై 1, ఉదయం 11

కౌన్సెలింగ్ ఆప్షన్లు పెట్టేశాం. ఈరోజు సాయంత్రం ఆరుకి ఆఖరు. చెల్లి చెప్తుంటే నేను టైపు చేశాను. మొదటి ఐదూ ఏఐ, ఐదు కాలేజీల్లో. తర్వాత ఐదూ కంప్యూటర్ సైన్స్, అవే కాలేజీల్లో. సేవ్ చేసి, ప్రింటు తీసి, దాని ఫైల్లో పెట్టాను. ఏ ఫారమైనా సేవ్ కాగానే ప్రింటు తీసి ఫైల్లో పెట్టడం నా పద్ధతి. కస్టమర్లు మెచ్చుకునేది అదొక్కటే.

థ్యాంక్స్ అన్నయ్యా అని నాన్నతో లీకు పనికి వెళ్లింది.

జూలై 1, సాయంత్రం 6.20

మార్చాను.

ఓటీపీ నా ఫోనుకే వస్తుంది. ఇంట్లో ఎవరి ఫారంలోనైనా నా నంబరే. కంప్యూటర్ సైన్స్ ఐదూ పైకి, ఏఐ ఐదూ కిందికి. 5.42కి సేవ్ అయింది. ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది, వెనక్కి మార్చవచ్చు. ప్రింటరు తుడుస్తూ కూర్చున్నాను. ఆరు దాటింది.

దాని మంచికే చేశాను. ఈ వాక్యం రాసి మళ్లీ చదివితే ఎవరో కస్టమర్ రాయించుకున్న అర్జీలా ఉంది.

జూలై 9

కంప్యూటర్ సైన్స్ వచ్చింది. లిస్టులో మొదటి కాలేజీలోనే.

చెల్లి స్క్రీన్ వంక చాలాసేపు చూసింది. ఏఐకి నా ర్యాంకు చాలలేదేమో అంది. అవును, పోటీ ఎక్కువ అన్నాను. ఏడవలేదు. ఇంకాస్త చదివుండాల్సింది అంది. ఏడ్చినా బాగుండేది.

నాన్న వీధిలో అందరికీ స్వీట్లు పంచాడు.

జూలై 10

అన్నం సహించడం లేదు.

జూలై 16

ఈరోజు కాలేజీలో రిపోర్టింగ్. నేనే తీసుకెళ్లాను. ఫైల్లో అన్నీ వరసగా ఉన్నాయి, మార్కుల మెమోలు, ఫొటోలు, జిరాక్సులు. కౌంటర్లో గుమస్తా ఆప్షన్ల కాపీ అడిగాడు. చెల్లి తీసి ఇచ్చింది. ఇందులో రెండున్నాయి, ఆఖరున సేవ్ చేసింది ఏదమ్మా అని రెండూ తిరిగి దాని ముందే పెట్టాడు.

సాయంత్రం సేవ్ చేశాక కూడా ప్రింటు తీశాను. తీసి దాని ఫైల్లోనే పెట్టాను. ఆలోచించి కాదు. చేతులకి అలవాటు. దొంగతనం చేసి రసీదు రాసిచ్చినవాడు నేనొక్కడినే అయి ఉంటాను.

రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివింది. కింద టైము ఉంటుంది. 10.51. 5.42. రెండోది గుమస్తా వైపు జరిపి, ఇదేనండీ అంది. ఫీజు రసీదు, ఐడీ ఫొటో, సంతకాలు, అన్నీ అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. నా వంక చూడలేదు.

బస్సులో నేనే మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. రంగు కాగితం, రెండు బ్యాచులు, లిస్టు, నలభై అక్షరాల గడి, తిరిగిన ఆఫీసులు, ఇంట్లో చెప్పిన అబద్ధం. ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పనివి నాలుగు స్టాపుల్లో అయిపోయాయి. అది అడ్డు రాకుండా వింది. విని, నెమ్మదిగా అడిగింది.

“ఆ రోజు షాపులో నీది ఎక్కడుందని అడిగాను కదా. అప్పుడు చెప్పుంటే నేనే మనసు మార్చుకునేదాన్ని కదా అన్నయ్యా.”

తర్వాత కిటికీ వైపు తిరిగింది.

జూలై 17

చెల్లి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పి గొడవ చేస్తుందని పొద్దుటి నుంచీ ఎదురుచూశాను. పళ్లెం తీసింది, అమ్మకి బట్టలు మడతపెట్టింది. టీవీ మీద నా సర్టిఫికెట్ ఫ్రేము పక్కకి ఒరిగి ఉంటే సరిచేసింది.

ఆగస్టు 3

హాస్టల్‌కి వెళ్లిపోయింది. హాస్టల్ ఫారం తన ఫోన్లో తనే నింపుకుంది. నంబరు తనదే పెట్టుకుంది. ఫైలు కూడా తీసుకెళ్లింది. వెళ్లేముందు నాన్నకి గ్లాసు దగ్గర ఫోన్ ఎలా పెట్టాలో, రికార్డు చేసి ఎలా పంపాలో రెండుసార్లు చూపించింది. నాకు వెళ్లొస్తాను అని మాత్రం చెప్పింది. కొత్తవాళ్లకి చెప్పినట్టు మర్యాదగా చెప్పింది.

సెప్టెంబర్ 20

నాన్న చెల్లికి రికార్డు చేసి పంపుతూనే ఉన్నాడు. ఇవాళ్టికి ముప్పై ఒకటి. మొదటి పదీ వింది. తర్వాతవి తెరవలేదు. పిల్లకి తీరిక లేదా అని నన్నడిగాడు. పరీక్షలు అన్నాను. సెప్టెంబర్లో ఏం పరీక్షలని అడగడం నాన్నకి తెలియదు.

ఇవాళ మళ్లీ తప్పు చోట పగలగొట్టాడట. ఇంటివాళ్లు ఏమీ అనలేదట, మంచినీళ్లు ఇచ్చి ఇంకొక ప్లంబర్‌ని పిలిచారట. షాపు బయట మెట్టు మీద కూర్చుని చెప్పాడు. గ్లాసు సంచిలోంచి తీసి, చొట్ట పడిందేమో చూడరా అన్నాడు. ఎక్కడా చొట్ట లేదు.

ఫోన్ చేసి నాన్న కోసమైనా విను అని చెప్పాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

సెప్టెంబర్ 21

కొత్త గ్లాసు కొనిచ్చాను. ఇదీ అంతే అన్నాడు.

డిసెంబర్ 4

ఎవరిదో ఉద్యోగం ఫారం. లిస్టు కిందికి జరుపుతున్నాను. ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. ఇన్‌స్ట్రుమెంటేషన్. ఇంటర్నెట్ అండ్ మల్టీమీడియా సిస్టమ్స్ ఇంజనీరింగ్. మొత్తం పేరుంది, ఒక్క అక్షరం తెగలేదు.

ఆయన వెళ్లాక నా పేరుతో తెరిచి నొక్కాను. తీసుకుంది. పుట్టిన తేదీ పెట్టగానే వయసు మించిందని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ముప్పై దాటి నాలుగు నెలలు.

ప్రింటు తీశాను. నా కోర్సు పేరున్న ఆ కాగితం పెట్టడానికి చెయ్యి చెల్లి ఫైలు కోసం అరలోకి వెళ్లింది. ఫైలు అక్కడ లేదు, దాని దగ్గరే ఉంది.