వణికే స్టీరింగు

ఆదివారం రాత్రి, కర్నూలు

గేములో కారు నడపడానికి స్టీరింగు కొందామని ఇవాళ నాయనను కూడా షాపుకు తీసుకెళ్లాను. పత్తికొండ టమోటా లారీ నడిపిన మనిషి కదా, మంచీచెడూ చెబుతాడనుకున్నాను. చూపు మందగించి పోయినేడే లారీ మానేశాడు.

మొదటి స్టీరింగు ఆటబొమ్మలా తేలిగ్గా తిరిగింది. రెండోది పట్టుకోగానే నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమప్పా, ఇది వణుకుతాండాదే! అలైన్‌మెంటు పోయిందాన్ని అమ్ముతాండావా?"

షాపతను నవ్వాడు. "పోలేదు పెద్దాయనా. గేములో రోడ్డు గతుకులుంటే చేతికి తెలియాలని అట్లనే చేసిండారు."

నాయన మళ్లీ పట్టుకున్నాడు. ఈసారి కళ్లు మూసుకున్నాడు. షాపతను గొంతు సవరించుకునేదాకా వదల్లేదు.

"ఇదే తీసుకో పాపా. నేను లారీ తోలిన ఆత్మకూరు రోడ్డు మాదిరే ఉండాది."

అప్పుడు స్క్రీన్ మీద ఉన్నవి ఏవో మంచు కొండలు. మరి ఆయన చేతులకు ఏ మలుపు తగిలిందో!

కొన్నది నా కోసమే. ఇంటికొచ్చాక నా వంతు ఇంకా రాలేదు. ముందుగదిలో స్టీరింగు గర్రుమంటూనే ఉంది. ఇప్పుడే తొంగిచూశాను. టీవీ ఆపేసి నడుపుతున్నాడు.