బూట్లు తప్ప ఇంకేం పెట్టను

జనవరి 27, సోమవారం

తీర్మానం: మా అమ్మాయి ఆరాధన బూట్లకి సరిపోయే సంచి నేనే కొంటాను. అందులో బూట్లు తప్ప ఇంకేం పెట్టను. ఎవరు చెప్పినా పెట్టను. సంతకం: జయపాల్.

ఆరాధన ఒంగోల్లో బడిపిల్లలకి ఆటలు నేర్పే టీచరు. మంచు మీద జారే ఆట ఉంది చూడండి, స్కీయింగ్, అది నేర్పేవాళ్ల శిక్షణకి కాశ్మీరు వెళ్తోంది. మా ఊళ్లో మంచు అంటే సోడా బండి మీద ఐసుగడ్డే!

నిరుడు కూడా వెళ్లింది. బూట్లున్న పెట్టె విమానంలో ఇంకెక్కడికో పోయింది. తిరిగొచ్చేసరికి శిక్షణ ఆఖరికొచ్చింది. అద్దె బూట్లేమో పిల్ల కాళ్లకి పట్టలేదు. మా వంశం పాదాలు వెడల్పు. నల్లరేగడిలో దిగబడకుండా నడవడానికి పనికొస్తాయి, అద్దె బూట్లకి పనికిరావు. మిగతావాళ్లు జారుతుంటే ఇది కింద నిలబడి చప్పట్లు కొట్టి వచ్చింది. ఈసారి కూడా తప్పితే వయసు దాటిపోతుంది. ఇంక తీసుకోరు.

"నాన్నా, ఈసారి బూట్లు నా భుజం మీదే ఉండాలి. విమానంలోకి నాతోనే రావాలి. సంచితో కలిపి ఏడు కిలోలు దాటకూడదు. సంచుల సంగతి నీకు తెలుసుగా" అంది ఫోన్లో.

తెలుసా అంట! మిర్చి యార్డులో మేస్త్రీని నేను. మిరపకాయలు గోతాల్లో పోయించి, కాళ్లతో తొక్కించి, గట్టిగా నింపించడమే నా బతుకు. వదులు గోతం కనపడితే అన్నం సహించదు.

బూట్లు నాలుగు కిలోలు. సంచి కిలో. ఇంకా రెండు కిలోలు ఖాళీ.

ఖాళీగానే ఉంటుంది!

జనవరి 29

ఒక బూటు చంకలో పెట్టుకుని గుంటూరు బస్సెక్కాను. రెండోది ఇంట్లోనే ఉంచాను, మోయలేక. ఇది మామూలు బూటు కాదు. గట్టి ప్లాస్టిక్కు, పిక్క దాకా, నాలుగు ఇనుప క్లిప్పులు.

కండక్టరమ్మ చూసి సీటు ఇప్పించింది.

"కూర్చో పెద్దాయనా. ఏ కాలికి?"

"నాది కాదమ్మా. మా అమ్మాయిది."

బస్సంతా "అయ్యో" అంది. పక్కనున్నామె నా చేతిలో అరటిపండు పెట్టింది. విషయం చెబుదామనే అనుకున్నా. అరటిపండు బాగుంది.

సంచుల దుకాణం షబ్బీర్ బూటుని తిరగేసి మరగేసి చూశాడు.

"ఏంది జయపాలన్నా, ఇది కాలా, బకెట్టా?"

చూసినవి:

కాలేజీ బ్యాగు. బూటు దూరింది, జిప్పు రాలేదు.

లాప్‌టాప్ బ్యాగు. షబ్బీరే సిగ్గుపడి లోపల పెట్టేశాడు.

కొండలెక్కేవాళ్ల బ్యాగు. బూట్లు, నేను, షబ్బీరు అందరం పడతాం. విమానంలో పై అరలో మాత్రం పట్టదు.

ఆఖరికి ఒకటి దొరికింది! నల్లది. వీపు వైపు నుంచి మొత్తం పెట్టెలాగా తెరుచుకుంటుంది. నడుముకి బెల్టు కూడా ఉంది, బరువంతా భుజాల మీద పడకుండా. ఒక బూటు నిలువుగా, ఒకటి తలకిందులుగా పెడితే చక్కగా సర్దుకుంటాయి. రెండో బూటు లేదు కాబట్టి దాని చోట షబ్బీర్ మంచినీళ్ల క్యాను పెట్టి చూశాం.

జనవరి 30

పట్టాయి! రెండూ పట్టాయి! యార్డు కాటా మీద పెట్టాను. ఐదు కిలోల రెండొందలు. హమాలీలందరికీ చూపించాను. మేస్త్రీ అంటే ఇలా ఉండాలి.

ఇంటికొచ్చాక మా ఆవిడ రాజ్యం సంచిలోకి తొంగిచూసింది.

"ఇంకా చోటుందిగా."

"ఉంది. ఉండనీ."

"ఉండనిచ్చే మొహమేనండీ మీది?"

తీర్మానం మీద ఉన్నవాడు మాటలు తగ్గించాలి.

ఫిబ్రవరి 2, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి మా చెల్లెలు ఆదెమ్మ గుమ్మంలో ఉంది. వేటపాలెంలో జీడిపప్పు ఒలిచే చోట పని. రెండు పొట్లాలు తెచ్చింది.

"ఇది పిల్లకి. ఇది పిల్లకి నేర్పే మేష్టారికి."

"కుదరదమ్మా. సంచిలో బూట్లు తప్ప ఏమీ పెట్టనని రాసుకున్నా."

"సంచిలో పెట్టమన్నానా? బూట్లో పెట్టు."

ఇది నాకు తట్టలేదు సుమా! బూటు లోపలున్నది బూటు కిందే లెక్క. తీర్మానం చెక్కుచెదరలేదు.

ఫిబ్రవరి 5

రెండో బూటు ఖాళీగా ఉంది. ఒకటి నిండుగా, ఒకటి ఖాళీగా ఉంటే సంచి ఒక పక్కకి ఒరుగుతుంది. పిల్ల నడుము పట్టేస్తుంది. రాజ్యం కందిపొడి డబ్బా ఇచ్చింది. సరిగ్గా సరిపోయింది. ఇది ఆరోగ్యం కోసం.

ఫిబ్రవరి 8

ఇవాళ ఎవరూ చెప్పలేదు. నేనే చేశాను.

కాశ్మీరులో కారం దొరకదని కాదు. దొరుకుతుందట. చూడ్డానికి ఎర్రగా ఉంటుందట, మంట ఉండదట. అలాంటి కారం తిని పిల్ల కొండ మీంచి ఎలా దూకుతుంది? ఒక కిలో కొట్టించాను. పొట్లాలు కట్టి బూటు వేళ్ల వైపు కొంచెం, మడమ వైపు కొంచెం. మిగిలింది బూట్ల మధ్య సందులో.

సందు అంటే సంచి కాదు.

ఫిబ్రవరి 11

రాజ్యం అరిసెలు వండింది. వండాక మాత్రం ఏం చేస్తాం!

జిప్పు పడలేదు. గచ్చు మీద గోనె పరిచి, సంచి పడుకోబెట్టి, గోడ పట్టుకుని ఒక కాలేసి తొక్కాను. రెండు తొక్కులకి జిప్పు పడింది. అరిసెలు అప్పడాలయ్యాయి. సంచి మాత్రం చూడముచ్చటగా ఉంది. తట్టి చూస్తే టంగుమంది.

సాయంత్రం ఆరాధన వచ్చింది. ఎత్తి చూసింది.

"నాన్నా, కాటా వేశావా?"

"వేశాను."

ఎప్పుడని తను అడగలేదు. నేనూ చెప్పలేదు. మా నాన్న ఉన్నాడుగా అన్నట్టు నవ్వి పక్కన పెట్టేసింది. ఆ నవ్వు చూశాక అన్నం సహించలేదు.

ఫిబ్రవరి 12, గన్నవరం విమానాశ్రయం

మమ్మల్ని లోపలికి రానివ్వరు. నేనూ రాజ్యం అద్దాల బయట నిలబడ్డాం. ఆరాధన బట్టల పెట్టె అప్పటికే లోపలికి పంపేసింది. ఫోన్ మోగింది.

"నాన్నా, సంచి పది కిలోల రెండొందలు చూపిస్తోంది."

"వాళ్ల కాటాలో తేడా ఉంటుంది."

"నాన్నా!"

"అంటే... ఆదెమ్మత్త... మీ అమ్మ..."

"ఇది కూడా పెట్టెలతో పాటు వేసేయమంటున్నారు. వేస్తే మళ్లీ నిరుటి కథే."



"అన్నీ చెత్తబుట్టలో వేసెయ్ తల్లీ. అరిసెలు, పప్పు, కారం, అన్నీ. బూట్లు మాత్రం వదలకు."



"అమ్మ ఏడుస్తోందా?"

"లేదు. నేనే."

"ఉండు" అని పెట్టేసింది.

అద్దంలోంచి చూస్తున్నాం. నేల మీద కూర్చుంది. సంచి తెరిచింది. బూట్లు తీసి, లోపలున్నవన్నీ సంచిలోకి దులిపింది. వేసుకున్న కాన్వాసు బూట్లు విప్పి మెడలో వేలాడేసుకుంది. స్కీ బూట్లు కాళ్లకి తొడుక్కుని క్లిప్పులు నొక్కింది. లేచింది. మోకాళ్లు వంగడం లేదు. ఠకా ఠకా నడుచుకుంటూ కాటా దగ్గరికి పోతుంటే లైన్లో వాళ్లంతా దారిచ్చారు.

సంచి పెట్టింది. మా వైపు తిరిగి బొటనవేలు చూపించింది.

ఆరు కిలోల చిల్లర!

"సంచి బూట్లకే కదండీ కొన్నారు?" అంది రాజ్యం.



ఫిబ్రవరి 13

చేరింది! బూట్లూ చేరాయి. చేరకేం చేస్తాయి, కాళ్లకే ఉంటే.

కారం పొట్లాలు తనిఖీ దగ్గర ఆపేశారట. విమానంలోకి కారం తీసుకెళ్లకూడదట. ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా! పొట్లం వాసన చూసినాయన ఆపకుండా తుమ్మాడట. బూట్లు కూడా విప్పించారు. విప్పడానికి ఒకళ్లు, పట్టుకోవడానికి ఒకళ్లు.

"ఢిల్లీలో అందరూ నన్నే చూశారు నాన్నా."

"తిట్టుకున్నావా?"

"ముందు తిట్టుకున్నా. తర్వాత అరిసె తిన్నా."

ఫిబ్రవరి 25

పాస్! మా ఆరాధన పాస్!

వీడియో పంపింది. కొండ పైనుంచి కిందదాకా తెల్లటి మంచు మీద జర్రున వచ్చింది. మధ్యలో ఒకసారి పడింది. పడిన చోట రాజ్యం కళ్లు మూసుకుంది. లేచిన చోటు మాత్రం మళ్లీ మళ్లీ పెట్టించుకుని చూసింది. నేను యార్డులో చూపించాను. "మేస్త్రీ, అంత ఉప్పు ఎవరు పోశారు?" అన్నాడు ఒక హమాలీ.

వచ్చే చలికాలం అక్కడే నేర్పడానికి రమ్మన్నారట.

ఫిబ్రవరి 26

తీర్మానం: వచ్చేసారి సంచిలో బూట్లు తప్ప ఇంకేం పెట్టను. బూటు లోపల కూడా పెట్టను. సందులో కూడా పెట్టను. సంతకం: జయపాల్.

ఈసారి సాక్షి సంతకం కూడా ఉండాలని రాజ్యాన్ని పిలిచాను. చదివింది. పెన్ను పట్టుకుని ఆగింది.

"ఇకమీదట బూట్లు కాళ్లకే వేసుకెళ్తానందిగా పిల్ల?"

"అంది."

"మరి సంచిలో ఏముంటుందండీ?"

ఆలోచించాను. ఏమీ ఉండదు. అంత మంచి సంచి, మొత్తం ఖాళీ!

తీర్మానం కొట్టేయలేదు. రేపటి నుంచి అమలు అని కింద రాశాను. ఇవాళ ఆదెమ్మకి ఒక ఫోన్ చేయాలి.