ఖాళీ బోర్డు

గురువారం రాత్రి, వాన్ నగరం

ఇరవై ఏళ్లుగా ఇంగ్లీషు రిపోర్టులే రాసిన చేయి ఇది. నా తెలుగులోని లోపాలకు క్షమాపణ. అయినా ఇది తెలుగులోనే రాయాలి.

మధ్యాహ్నం కారులో భోజనం చేస్తూ సిస్టమ్స్ ఇంజనీరింగ్ పాడ్‌కాస్ట్ విన్నాను. "తప్పుల లెక్కను శిక్షకు వాడితే మనుషులు తప్పును దిద్దరు, దాస్తారు," అన్నారు అందులో ప్రొఫెసరు. నవ్వుకున్నాను. నేను సూపర్‌వైజరుగా ఉన్న వేర్‌హౌస్‌లో తప్పు చేసినవారి పేరు ఎర్రగా రాసే బోర్డు నేను పెట్టినదే. రాత్రి కాలేజీలో నాకు డిప్లొమా తెచ్చిన ప్రాజెక్టు అది. రెండు నెలలుగా దానిమీద ఒక్క పేరూ లేదు.

ఆ సంగతి ప్యాకింగ్‌లో పనిచేసే పద్మగారితో గర్వంగా చెప్పాను. ఆమె నవ్వలేదు.

"నిజం చెప్తే కోపం జేస్తరా సార్?"

"చెప్పండమ్మా."

"తప్పు లేబుల్ మార్చాలంటే మీకు చెప్పాలె. చెప్తే పేరు ఎక్కుతది. అందుకే అసుంటి పెట్టెలు ఆ చివరి ర్యాక్ ఎనక పెడుతున్నం."

అక్కడ పదకొండు పెట్టెలు ఉన్నాయి. ఒకదానిలో పిల్లల వినికిడి యంత్రం. ఐదు వారాలుగా అక్కడే ఉంది! దానిని నేనే కొరియర్‌కు ఇచ్చి వచ్చాను. ఆ బిడ్డ ఇన్నాళ్లూ బడిలో ఎలా...

"మీ పేరు గూడ ఒక్కసారన్న రాసుకుంటే మేం చెప్తుంటిమి సార్," అన్నారామె.

రేపు బోర్డు దించుతాను. దించే ముందు నా పేరు రాస్తాను.

ఈ పేజీ మొదట పద్మగారు చదవాలి. నన్ను నేను కాపాడుకున్న వాక్యం కనబడితే కొట్టివేయాలి. మిగిలినది మేనేజరుకు ఇంగ్లీషులో ఇస్తాను.