ఓడెల్ మోకాలు

విచిటా, కాన్సస్
ఫిబ్రవరి 11

ప్రియమైన నాన్నకు,

ఈ ఊరి గాలికి మోటెల్ బోర్డు కూడా గొణుగుతోంది. మన జట్టుకి పనికొస్తాడా అని నేను చూడ్డానికొచ్చిన కాలేజీ బాస్కెట్‌బాల్ కుర్రాడు విట్లో బంతి అందుకున్నప్పుడల్లా నా పక్క సీటు పెద్దాయన పాప్‌కార్న్ నమలడం ఆపేశాడు. నా నివేదికలో అదే మొదటి వాక్యం.

టొలెడోలో మా ఆఫీసు రెండుగా చీలింది. మా మేటి ఆటగాడు ఓడెల్ రేనీ ఉన్నాడుగా, వాడి భుజాలెక్కి ఎనిమిదో స్థానానికి, అంటే ఫైనల్స్ పోటీల ఆఖరి మెట్టుకి, పాకుదాం అంటారు కొందరు. పాకి ఏం లాభం? మొదటి స్థానం వాళ్ల చేతిలో వారంలో చిత్తయి ఇంటికొస్తాం. పునాదుల దాకా పడగొట్టి మళ్లీ కడదాం అంటారు మిగతావాళ్లు. లీగులో అడుగున మిగిలిన జట్లకే కదా, కొత్త కుర్రాళ్లను ముందుగా ఎవరు ఎంచుకోవాలో తేల్చే లాటరీ యంత్రంలో ఎక్కువ బంతులు వేసేది. మన బంతి పైకి లేస్తే విట్లో మనవాడు. పడగొట్టమన్న వాళ్లలో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే.

రేపో ఎల్లుండో కోచ్‌ని తీసేస్తారు. ఆ చోటికి రమ్మని మా మేనేజరు హార్ట్‌విక్ నీకు ఫోన్ చేస్తాడు. ఒప్పుకోకు. ఎందుకని అడగకు. ఫోన్లో అయితే నా గొంతుని బట్టి అంతా కనిపెట్టేస్తావు, అందుకే ఉత్తరం.

నీ నెల్

టొలెడో
ఫిబ్రవరి 18

నా చిట్టితల్లి నెల్లీకి,

నీ ఉత్తరం ఎల్క్‌హార్ట్‌లో నా పాత జట్టు దగ్గరికి వెళ్లి, నన్ను వెతుక్కుంటూ ఇక్కడికి వచ్చేసరికి సంతకం పెట్టేశాను. కొత్త టై కూడా కొన్నాను.

చిన్న లీగు బస్సుల్లో కూర్చుని కూర్చుని నా నడుం ఆ సీటు ఆకారానికి వచ్చేసింది. పెద్ద లీగులో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కోచ్‌గా నిలబడాలని కదా ఇన్నాళ్లూ ఎదురుచూశాను. అది వచ్చిననాడు కన్నకూతురే వద్దంటుందా? మీ ఆఫీసులో నీ పరువు తీస్తాననా?

ఇక్కడ ఒక వింత. పొద్దున్నే పైనుంచి కబురొచ్చింది, ఓడెల్‌కి మోకాలి నొప్పట, ఆడడట. వెళ్లి చూస్తే వాడు తాడాట ఆడుతున్నాడు. "మోకాలెలా ఉందిరా?" అన్నాను. "నాకేం తెలుసు కోచ్? ఆఫీసునడగండి" అన్నాడు. మధ్యాహ్నానికి ఇంకో ఇద్దరికి నడుం పట్టేసింది.

ఆడేవాళ్లు లేక ఎల్క్‌హార్ట్ నుంచి నా కుర్రాళ్లను ఈ సీజను వరకే ఒప్పందం మీద పిలిపించాను. టూకీ, లోనీ, మిగతా మూక. హార్ట్‌విక్ అడ్డు చెప్పలేదు సరికదా, భుజం తట్టాడు. ఆ చలిలో వేడి సూపు తాగుతున్నావా?

నాన్న

టోపీకా, కాన్సస్
ఏప్రిల్ 13

నాన్నా,

ఏం చేస్తున్నావు నువ్వు? నిన్న హార్ట్‌విక్ ఫోన్లో నన్ను దులిపేశాడు. "మీ నాన్నకి ఓడిపోవడం కూడా చేతకాదా?"

ఇక దాచను. నిన్ను పిలిచిందే ఓడిపోవడానికి. "ప్రూసాక్ బంగారంలాంటి మనిషి, ఆయన చేతికి పిల్లల్నిస్తే గొడవ లేకుండా ఓడిపోతాం" అన్నాడు హార్ట్‌విక్. పడగొట్టమని వాదించినప్పుడు ఆ శిథిలాల కింద నిలబెట్టేది నిన్నని నాకు తెలియదు. నీకు దొరికిన ఒక్క అవకాశం, నీ పేరు పక్కన వరసగా ఓటములు. అది చూడలేక వద్దన్నాను. పరువు కాదు, మొద్దు నాన్నా!

కానీ నాకు అర్థం కానిది ఇది. నీ కుర్రాళ్లను ఒక్కొక్కరినీ లెక్కగట్టాను. ఒక్కడూ పనికిరాడు. ఐదుగురూ కలిసి దిగితే గెలుస్తున్నారు! ఎలా? నిద్రపట్టడం లేదు.

చివరి ఆట మిగిలింది. అది కూడా గెలిస్తే లాటరీలో మన బంతులు ఇంకా తగ్గుతాయి, విట్లో మీద ఆశ వదులుకోవాల్సిందే. వాడి వెంట తిరిగిన నా ఉద్యోగం సంగతి కూడా అంతే. అలాగని ఓడిపో అని రాయడానికి కలం కదలడం లేదు.

నెల్

టొలెడో
ఏప్రిల్ 22

నా పిచ్చి తల్లీ,

గెలిపించాలనుకున్నవాడు కోచ్ కోసం ఎల్క్‌హార్ట్ బస్సులో వెతుకుతాడా? తాడాట చూసిన రోజే నాకంతా తెలిసిపోయింది. నువ్వు చెబుతావా లేదా అని చూశాను, అంతే.

చివరి ఆట సంగతి చెబుతాను. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం, ఇంకో ఊపిరి తీసేలోగా ఆట అయిపోతుంది. టైమ్ అవుట్ తీసుకున్నాను. "ఏం చెయ్యమంటారు కోచ్?" అన్నాడు టూకీ.

"ఆఫీసుకి ఓటమి కావాలి. మీరు గెలిస్తే వేరే జట్ల కళ్లలో పడతారు. మా అమ్మాయికి దాని ఉద్యోగం కావాలి."

"మరి మీకు?"

"నాకు మంచినీళ్లు కావాలి" అని ఎత్తుగడలు గీసే పలక వాడి చేతిలో పెట్టి కుర్చీలో కూలబడ్డాను.

వాడు గీతలేమీ గియ్యలేదు. లోనీ వంక చూసి కనుబొమ్మ ఎగరేశాడు. లోనీ కుడివైపు పరిగెత్తినట్టే పరిగెత్తి ఆగాడు, బంతి వాడి చేతిలో ఉంది, ఆ తరవాత వలలో ఉంది. అప్పుడు చూడాలి ఓడెల్‌ని! సూటు వేసుకున్న మోకాలి రోగి బల్ల మీంచి ఒక్క దూకు దూకి వాళ్లమీద పడ్డాడు, హార్ట్‌విక్ కళ్లెదుటే.

మర్నాడే నా పెట్టె సర్దేశారు. ఎల్క్‌హార్ట్ మళ్లీ రమ్మంది. నీ విట్లోని నేనే పోగొట్టాను తల్లీ. నా మీద కోపమా?

నాన్న

టొలెడో
మే 20

ప్రియమైన కోచ్ ప్రూసాక్ గారికి,

మన బంతి లేవలేదు. విట్లో వేరే ఊరివాడయ్యాడు. కోపమా అంటే, ఉంది. నా ఆలోచన ఇప్పటికీ సరైనదే, నువ్వు గెలిచి తప్పు చేశావు. ఈ జట్టు ఇంకో నాలుగేళ్లు మధ్యలోనే మునుగుతూ తేలుతూ ఉంటుంది, చూసుకో.

నేనూ ఒకటి దాచాను. ఆ ఆటకి నేనొచ్చాను. కాన్సస్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చి, ఆఫీసువాళ్ల కంట పడకుండా పైకప్పుకి ఆనిన ఆఖరి వరసలో కూర్చున్నాను. లోనీ బంతి గాల్లో ఉండగా, ఓడిపోదామని పథకం రాసిన మనిషి లేచి నిలబడి "పడవే, పడు!" అని గొంతు చించుకుంది. హాట్‌డాగ్ ముందు వరసావిడ జుట్టులో పడింది. ఆవిడ కూడా తిట్టలేదు, నన్ను కావలించుకుంది.

నన్ను తీసెయ్యలేదు. హార్ట్‌విక్‌కీ నిద్రపట్టడం లేదట. "ఆ పనికిరాని ఐదుగురూ ఎలా గెలిచారో కనుక్కుని రా" అని నన్ను ఎల్క్‌హార్ట్‌కి పంపిస్తున్నాడు, వచ్చే చలికాలమంతా. బస్సులో నీ పక్క సీటు నాది. కిటికీ వైపు.

అన్నట్టు ఓడెల్ కనిపించాడు. నిన్ను అడిగినట్టు చెప్పమన్నాడు. మోకాలెలా ఉందన్నాను.

"మీ నాన్న వెళ్లినప్పటినుంచి నిజంగానే నొప్పెడుతోంది" అన్నాడు.

కిటికీ సీటు మర్చిపోకు,
నెల్లీ