తల్లిని నడిపించి చూశాను

సరస్వతీ,

మొన్న నీ సంవత్సరీకానికి వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక, గేటు చప్పుడైతే మొరిగే ప్రాణి ఒక్కటైనా ఇంట్లో ఉండాలనిపించింది. జర్మన్ షెపర్డ్ పిల్లను తెచ్చుకుందామని కోవిల్‌పట్టి వెళ్లాను.

కుక్కల్ని పెంచి అమ్మే అతను మన తెలుగువాడే. తెల్లటి పిల్లను నా ఒళ్లో పెట్టాడు. అది నా చొక్కా గుండీ చప్పరిస్తూ కూర్చుంది. తెచ్చేసేవాణ్ణే. ఇంతలో నువ్వు గుర్తొచ్చావు. మేకపిల్లను కొన్నా, దూడను కొన్నా తల్లిని నడిపించి చూడందే ఒప్పుకునేదానివి కాదు.

"తల్లిని కొంచెం నడిపించప్పా," అన్నాను.

"తల్లి ఎందుకు మామా? రంగు చూడండి. పోటీల్లో తెల్లదాన్ని తోసేస్తారు గానీ, జనానికి అదంటేనే ఆశ. దీనికోసరమే తల్లిని దాని కొడుకుతో క్రాసింగ్ చేపిస్తిని."

గొప్పగానే చెప్పాడు. నేను పట్టుబడితే షెడ్డు వెనక నుంచి తల్లిని తెచ్చాడు. నడుము కిందికి జారిపోయి, వెనక కాళ్లు ఈడుస్తూ వచ్చింది.

"ఇంక ఇది ఈనదు మామా. ఎవురన్నా అడిగితే ఇచ్చేస్తా."

తెల్లగా పుట్టడం పిల్ల తప్పు కాదు. కానీ నేను దాన్ని కొంటే వాడు మరో కుక్కకు ఇదే పని చేస్తాడు. పిల్లను దింపేసి తల్లిని ఇమ్మని అడిగాను.

ఊళ్లో అందరూ నవ్వుతున్నారు. ఇది మొరగదు. అరుగు ఎక్కలేదు కూడా. అందుకని సాయంత్రాలు నేనే దిగి దాని పక్కన నేల మీద కూర్చుంటున్నాను. అరుగు మీద ఇప్పుడు నీ చోటుతో పాటు నాదీ ఖాళీగానే ఉంటోంది.